పీఆర్‌లో ఎదుగుదల: ఎప్పుడు పిలుస్తున్నారన్నదే లెక్క

పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్, అంటే సంస్థ గురించి జనానికి, పత్రికలకు చెప్పే పని) రంగంలో ఒక మనిషి ఎంత ఎదిగాడో విజిటింగ్ కార్డు చూసి చెప్పలేం. ఒక సంస్థలో మేనేజర్ చేసే పనిని ఇంకో సంస్థలో ఎగ్జిక్యూటివ్ చేస్తుంటాడు. కార్డు మీద డైరెక్టర్ అని ఉన్నా రోజంతా ప్రెస్ నోట్లు దిద్దుకుంటూ కూర్చునేవాళ్లూ ఉన్నారు. జీతం చూసి చెప్పాలన్నా అదీ సరైన కొలత కాదు. ఒకే పనికి మందుల కంపెనీ ఇచ్చే జీతం వేరు, స్వచ్ఛంద సంస్థ ఇచ్చేది వేరు. అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. సంస్థలో ఏదైనా పెద్ద విషయం నడుస్తున్నప్పుడు ఆ మనిషిని ఎప్పుడు పిలుస్తారు?

అంతా తేల్చేశాక "దీన్ని కాస్త బాగా రాసి పంపండి" అని పిలుస్తున్నారంటే ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నట్టు. చర్చ జరుగుతుండగా "బయట దీన్ని ఎలా తీసుకుంటారు?" అని అడుగుతున్నారంటే సగం దూరం వచ్చినట్టు. ఎవరూ పిలవకముందే తనే వెళ్లి "ఇది రేపు సమస్య అవుతుంది" అని చెప్పగలిగి, ఆ మాట విని పైవాళ్లు నిర్ణయం మార్చుకుంటున్నారంటే అప్పుడు నిజంగా ఎదిగినట్టు. ఇరవై ఏళ్ల అనుభవం ఉండి కూడా మొదటి మెట్టు దాటనివాళ్లు ఈ రంగంలో తక్కువేం కాదు. వాళ్లకు తెలివి లేక కాదు, రాత రాక కాదు. పిలిచినప్పుడు వెళ్లి రాసిచ్చి రావడమే పని అనుకుని అక్కడే ఆగిపోయారు.

1927లో ఏటీ అండ్ టీ టెలిఫోన్ సంస్థ ఆర్థర్ పేజ్ అనే పత్రికా సంపాదకుడిని వైస్ ప్రెసిడెంట్‌గా రమ్మంది. ప్రచారం రాసిపెట్టడానికే అయితే రానని, విధానాలు తయారయ్యేచోట తన మాటకు విలువుంటేనే వస్తానని ఆయన ముందే తేల్చి చెప్పాడు. సంస్థ ఒప్పుకుంది. దాదాపు ఇరవై ఏళ్లు ఆయన అక్కడే పనిచేశాడు. ఒక సంస్థకు వచ్చే పేరులో 90 శాతం అది చేసే పనుల వల్ల వస్తుందని, చెప్పే మాటల వల్ల వచ్చేది 10 శాతమేనని ఆయన పేరు మీద ఒక సూత్రం ఇప్పటికీ చెలామణీలో ఉంది. దాన్ని ఎవరూ తూకం వేసి తేల్చలేదు, అది వేరే సంగతి. కానీ ఆ 90 శాతం దగ్గరికే రానివ్వకుండా మిగిలిన పదిలోనే అద్భుతాలు చేయమంటే ఎంతటివాళ్లకైనా చేతకాదు.

మాటకారులకు తగిన పనేనా?

"నువ్వు బాగా మాట్లాడతావు, పీఆర్‌లోకి వెళ్లు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నలుగురిలో కలుపుగోలుగా ఉండటం పనికిరాదని కాదు. అయితే మొదటి మూడు నాలుగేళ్లు నిజంగా చేసే పని చూస్తే అందులో మాటలకు దక్కే చోటు చాలా చిన్నది. పొద్దున్నే పత్రికలు, వెబ్‌సైట్లు, సోషల్ మీడియా వెతికి క్లయింట్ (పీఆర్ పని అప్పగించిన సంస్థ) గురించి ఎక్కడ ఏం వచ్చిందో రిపోర్టు పంపాలి. మీడియా లిస్టులో ఏ విలేకరి బీట్ (వార్తలు రాసే రంగం) మారాడో, ఎవరు ఉద్యోగం మారారో సరిచూసుకోవాలి. లీగల్ వాళ్లు ఒక మాట తీసేయమంటే, మార్కెటింగ్ వాళ్లు ఆ మాటే ఉంచమంటే, అదే ప్రెస్ నోట్‌ను ఆరోసారి దిద్దాలి. సాయంత్రం ఈవెంట్‌లో మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవాల్సిందీ చాలాసార్లు ఈ మనిషే.

వీటన్నిటి కింద ఉన్న నైపుణ్యం రాయడం. అందమైన వాక్యాలు అల్లడం గురించి కాదు ఈ మాట. ప్రెస్ నోట్‌ను మొదట చదివేది జనం కాదు. డెడ్‌లైన్ నెత్తిమీదున్న ఒక సబ్ ఎడిటర్ చదువుతాడు. అతని ముందు అలాంటివి ఇంకో యాభై ఉంటాయి. ఏం జరిగింది, ఎవరికి జరిగింది, ఎప్పటి నుంచి, దానివల్ల ఎవరికేంటి అన్నది మొదటి రెండు వాక్యాల్లో దొరక్కపోతే అతను తర్వాతి దానికి వెళ్లిపోతాడు. "అగ్రగామి", "వినూత్న", "విప్లవాత్మక", "ప్రకటించడానికి సంతోషిస్తున్నాం" లాంటి మాటలన్నీ కొట్టేసి చూస్తే ఆ ప్రెస్ నోట్‌లో ఇంకా ఏదైనా మిగిలితే అది వార్త. ఏమీ మిగలకపోతే అసలు పంపకపోవడమే మేలు. ఈ పరీక్ష ముందే చేసుకోకపోతే డెస్కులో వాళ్లు చేస్తారు.

ఆధునిక ప్రెస్ నోట్‌కు మొదలుగా చెప్పే ఉదంతంలో విశేషణాలకు చోటే లేదు. 1906 అక్టోబర్‌లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు చెందిన రైలు వంతెన మీద పట్టాలు తప్పి నీళ్లలో పడింది. 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే విలేకరులను దూరంగా ఉంచి, వీలైనంత కప్పిపుచ్చడం అప్పటి రైలు కంపెనీలకు అలవాటు. ఆ కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ అనే మాజీ విలేకరి దానికి విరుద్ధంగా నడిచాడు. తెలిసిన వివరాలను రాతపూర్వకంగా పత్రికలకు పంపించాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చువేసింది. రెండో రోజే తెలిసిపోయే విషయాన్ని మొదటి రోజే తామే చెప్పడం వల్ల నష్టం తగ్గుతుందన్న లెక్క అక్కడ మొదలైంది. (ఇదే లీ ఆఖరి రోజుల్లో నాజీ పాలనలోని జర్మనీ రసాయన సంస్థ ఐజీ ఫార్బెన్‌కు సలహాలిచ్చి, ఆ విమర్శల మధ్యే 1934లో చనిపోయాడు. ఈ వృత్తి చరిత్రలో పూర్తిగా తెల్లటి చొక్కా వెతికితే దొరకడం కష్టం.)

మాట ఎంపిక ఎంత ఖరీదైనదో చూడాలంటే 2017 ఏప్రిల్ ఉదంతం చాలు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో తమ సిబ్బందికి సీట్లు కావాలని, డబ్బు కట్టి కూర్చున్న ఒక ప్రయాణికుడిని భద్రతా సిబ్బందితో ఈడ్పించారు. ఆ వీడియో లోకమంతా చూసింది. మర్నాడు సంస్థ అధిపతి ఇచ్చిన ప్రకటనలో మాత్రం ప్రయాణికులకు "వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చినందుకు" క్షమాపణ కనిపించింది. రక్తమోడుతున్న మనిషిని కళ్లారా చూసినవాళ్లకు ఆఫీసు ఫైలు భాషలో ఒక వాక్యం చదివి వినిపించినట్టయింది. మరో రోజు గడిచాక పూర్తి క్షమాపణ వచ్చింది కానీ, అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది మొదటి వాక్యం. అలాంటి వాక్యాన్ని చూసి "ఇది వెళ్లకూడదు" అని అనగలిగిన మనిషి గదిలో లేకపోవచ్చు, ఉన్నా మాట చెల్లి ఉండకపోవచ్చు. బయటివాళ్లకు తెలిసే సంగతి కాదు.

విలేకరితో సంబంధం

"నాకు మీడియాలో మంచి కాంటాక్ట్స్ ఉన్నాయి" అన్న మాట ఇంటర్వ్యూల్లో తరచుగా వినిపిస్తుంది. కాంటాక్ట్ అంటే ఫోన్ నంబర్ అయితే అది ఎవరైనా సంపాదించవచ్చు. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎత్తుతారా అన్నది అసలు విషయం. పనికొచ్చే సమాచారం తెస్తాడని, అబద్ధం చెప్పడని, డెడ్‌లైన్ లోపల తిరిగి ఫోన్ చేస్తాడని అనుభవం మీద తెలిసినవాళ్ల ఫోనే ఎత్తుతారు. ఆ నమ్మకం విందుల్లో పుట్టదు. రిపోర్టర్ ఇటీవల ఏం రాశాడో చదవకుండా పిచ్ (ఈ వార్త రాయమని అడిగే ఈమెయిల్) పంపడం, ఆరోగ్యం బీట్ చూసేవాళ్లకు కార్ల వార్త పంపడం, "మా ఈమెయిల్ చూశారా" అని రోజూ అడగడం లాంటివి చేసి కొత్తవాళ్లు తమ పేరును తామే చెడగొట్టుకుంటారు.

ఈ పనిలో బాగా అక్కరకొచ్చే వాక్యం "నాకు తెలియదు, కనుక్కుని ఐదింటిలోపు చెబుతాను" అనేది. ఐదింటిలోపు నిజంగా చెబితేనే దానికి విలువ. చెప్పలేని విషయం ఉంటే చెప్పలేనని అనొచ్చు, తప్పేం లేదు. లేని దాన్ని ఉందనడం, జరిగినదాన్ని జరగలేదనడం మాత్రం ఒక్కసారి బయటపడితే చాలు, తర్వాత చెప్పే నిజాలను కూడా రెండుసార్లు సరిచూసుకుంటారు. ఆఫ్ ద రికార్డ్ అన్న ఒప్పందం మాట చెప్పకముందు కుదుర్చుకోవాలి, చెప్పేశాక "ఇది రాయకండి" అంటే కుదరదు. ఎంబార్గో (ఫలానా సమయం దాకా వార్త వేయకూడదన్న షరతు) కూడా అంతే, రెండు వైపులా ఒప్పుకుంటేనే అది ఎంబార్గో.

ఏజెన్సీలోనా, సంస్థలోనా?

కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వేరే సంస్థల కోసం పీఆర్ పని చేసిపెట్టే ఏజెన్సీలో ఒకేసారి నలుగురైదుగురు క్లయింట్లు ఉంటారు. పొద్దున సాఫ్ట్‌వేర్, మధ్యాహ్నం ఆస్పత్రి, సాయంత్రం షాంపూ. పని వేగం, గంటల లెక్క, క్లయింట్ టెన్షన్ అన్నీ ఎక్కువే. కానీ ఏది వార్తో ఏది కాదో చేతికి అలవాటయ్యేది అక్కడే, అదీ త్వరగా. సంస్థ లోపల కమ్యూనికేషన్స్ విభాగంలో ఉంటే ఒకే వ్యాపారం లోతుగా తెలుస్తుంది. ఎవరు నిజంగా నిర్ణయాలు తీసుకుంటారో, కాగితం మీద ఎవరుంటారో తేడా అర్థమవుతుంది. మొదట ఏజెన్సీలో రెండు మూడేళ్లు చేసి తర్వాత సంస్థలోకి మారడం బాగా నలిగిన దారి. అది తప్ప వేరే దారి లేదని కాదు. పత్రికల నుంచి నేరుగా వచ్చేవాళ్లున్నారు, ఆర్థిక విశ్లేషకులుగా చేసి ఇన్వెస్టర్ రిలేషన్స్‌కు (మదుపరులతో మాట్లాడే విభాగానికి) వచ్చేవాళ్లున్నారు, నర్సులుగా పనిచేసి ఆరోగ్య రంగ కమ్యూనికేషన్స్‌లో రాణించినవాళ్లూ ఉన్నారు. డిగ్రీ జర్నలిజంలోదా, వాణిజ్యంలోదా అన్నది మొదటి ఉద్యోగం దొరికేవరకే ఎవరైనా అడిగేది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని విభాగం ఒకటుంది, అది ఇంటర్నల్ కమ్యూనికేషన్స్. ఉద్యోగులకు వెళ్లే ఈమెయిళ్లు, సమావేశాల్లో అధిపతి మాట్లాడే మాటలు, ఉద్యోగాలు తీసేస్తున్నప్పుడు చెప్పే తీరు ఇందులోకి వస్తాయి. దీనికి మెరుపు తక్కువ, పత్రికలో పేరు రాదు. కానీ సంస్థలో ఏం జరగబోతోందో ముందే తెలిసేది ఈ విభాగానికే. లోపలికి పంపిన ఈమెయిల్ గంటలో బయట స్క్రీన్‌షాట్‌గా తిరిగే కాలంలో లోపలి మాట, బయటి మాట అన్న గీత ఎప్పుడో చెరిగిపోయింది. పైన చెప్పిన కొలత ప్రకారం చూస్తే, ముందుగా పిలుపు వచ్చే దగ్గరి దారి ఇదే.

తొలి ఫోన్ ఎవరికి వస్తుంది?

క్రైసిస్ (సంస్థ మీద హఠాత్తుగా పడే పెద్ద ఆపద) అనగానే ప్రతి తరగతి గదిలోనూ వచ్చే ఉదాహరణ టైలెనాల్ అనే నొప్పి మాత్ర. 1982 సెప్టెంబర్ చివర్లో షికాగో ప్రాంతంలో ఆ మాత్రలు వేసుకున్న ఏడుగురు చనిపోయారు. దుకాణాల్లో ఉన్న సీసాల్లోని క్యాప్సూల్స్‌లో ఎవరో సైనైడ్ నింపారు. మాతృసంస్థ జాన్సన్ అండ్ జాన్సన్‌కు ఈ కబురు తొలుత చేరింది ఒక విలేకరి ఫోన్ ద్వారానే. సంస్థ అమెరికా అంతటా సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి రప్పించింది. వాటి విలువ 10 కోట్ల డాలర్లకు పైమాటే. కొన్ని వారాలకే, ఎవరైనా తెరిస్తే ఇట్టే తెలిసిపోయే సీళ్లతో ఆ మందు మళ్లీ దుకాణాలకు వచ్చింది.

దీన్ని "గొప్ప పీఆర్" అని పొగడటం పరిపాటి. చూడాల్సిన చోటు వేరు. సీసాలు వెనక్కి తీసుకోవాలన్నది రాతకు సంబంధించిన నిర్ణయం కాదు. అది సరుకు, డబ్బు, ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం. ఆ చర్చలో పీఆర్ విభాగం మొదటి నుంచీ ఉంది. ఎక్కువమంది చెప్పని చిన్న ముక్క ఇంకొకటుంది. తయారీ కేంద్రంలో సైనైడ్ వాడకమే లేదని సంస్థ మొదట విలేకరులకు చెప్పింది. నాణ్యత పరీక్షల కోసం కొద్దిగా వాడతారని తర్వాత తెలిసింది. ఆ తప్పును సంస్థ సరిదిద్దుకుంది. మొత్తం ఉదంతంలో చేతులు వణికే ఘడియ అదే అయి ఉంటుంది.

దీనికి ఎదురుగా 2010 నాటి బీపీ వ్యవహారం పెట్టి చూడొచ్చు. మెక్సికో గల్ఫ్‌లో చమురు రిగ్గు పేలి 11 మంది కార్మికులు చనిపోయారు, నెలల తరబడి సముద్రంలోకి చమురు పారింది. ఆ మధ్యలో సంస్థ అధిపతి టోనీ హేవర్డ్ కెమెరాల ముందు "నా జీవితం నాకు తిరిగి కావాలి" అన్నాడు. అలసిపోయిన మనిషి నోట వచ్చిన మాటే అది. చనిపోయినవాళ్ల ఇళ్లలో అది ఎలా వినిపిస్తుందో ఆ క్షణంలో ఆయనకు తట్టలేదు. అధిపతులకు కెమెరా ముందు ఎలా మాట్లాడాలో నేర్పించడం పీఆర్ వాళ్ల పనుల్లో ఒకటి. కానీ ఏ శిక్షణకూ లొంగని విషయం ఒకటుంది, మనిషి ఆ పూట ఎవరి గురించి ఆలోచిస్తున్నాడన్నది. నెలల్లోనే ఆయన పదవి నుంచి దిగిపోయాడు.

కాని పని

ఎంత పని జరిగిందో లెక్క చూపించడం ఈ రంగానికి పాత తలనొప్పి. పత్రికలో వచ్చిన వార్త ఎన్ని అంగుళాలుందో కొలిచి, అంత చోటుకు యాడ్ అయితే ఎంతయ్యేదో గుణించి "ఇంత విలువైన ప్రచారం తెచ్చాం" అని చెప్పడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. 2010లో బార్సిలోనాలో కూడిన కొలతల నిపుణులు, పీఆర్ సంఘాలు ఇది విలువకు కొలత కాదని రాసుకున్నారు. ఆ తర్వాత కూడా ఆ అంకె చాలా నివేదికల్లో హాయిగా బతుకుతోంది, ఎందుకంటే అది పెద్దగా కనిపిస్తుంది, క్లయింట్‌కు ఇష్టం. జనం అభిప్రాయం ఏమైనా మారిందా, ఫోన్ కాల్స్ తగ్గాయా, దరఖాస్తులు పెరిగాయా అని చూడటం కష్టమైన పని. అంకె చిన్నదైనా అది చూపించేవాళ్ల మాటకే మెల్లగా బరువు వస్తుంది.

ఇంకా బరువైనది, కాదని చెప్పడం. లండన్‌లో పెద్ద పేరున్న బెల్ పాటింజర్ ఏజెన్సీ, దక్షిణాఫ్రికాలో గుప్తా కుటుంబానికి చెందిన ఓక్‌బే సంస్థ కోసం నడిపిన ప్రచారం జాతి విద్వేషాన్ని రెచ్చగొట్టేలా ఉందని తేలింది. 2017 సెప్టెంబర్‌లో బ్రిటన్ పీఆర్ వృత్తి సంఘం దాన్ని కనీసం ఐదేళ్లపాటు బహిష్కరించింది. క్లయింట్లు ఒక్కొక్కరే జారుకున్నారు, ఆ నెలలోనే సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ ప్రచారంతో సంబంధం లేని ఉద్యోగులకూ రాత్రికి రాత్రే పని పోయింది. దీనికన్నా పాత ఉదాహరణ పొగాకుది. సిగరెట్లకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందన్న పరిశోధనలు వస్తున్న రోజుల్లో, 1954 జనవరి 4న అమెరికాలో 400కు పైగా పత్రికల్లో కంపెనీలు కలిసి ఒక ప్రకటన వేశాయి. మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం అని హామీ, పరిశోధనల మీద అనుమానం, రెండూ అందులో ఉన్నాయి. ఆ వ్యూహం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ఏజెన్సీ ఉంది. కంపెనీలు దశాబ్దాలపాటు జనాన్ని మోసం చేశాయని 2006లో అమెరికా ఫెడరల్ కోర్టు తేల్చింది. రాత నైపుణ్యం దృష్టితో మాత్రమే చూస్తే ఆ ప్రకటనలో లోపం వెతకడం కష్టం. అందుకే రాత ఒక్కటే నేర్చుకుంటే చాలదు.

కాదనడం ఉద్యోగం మానేసినంత నాటకీయంగా జరగాల్సిన పని లేదు. "ఈ వాక్యానికి ఆధారం ఎక్కడుంది?", "రేపు ఈ ఈమెయిల్ పత్రికలో వస్తే మనకు ఫర్వాలేదా?" అని అడిగితే చాలావరకు అక్కడే ఆగిపోతుంది. అలా అడగాలంటే మాత్రం ఒక ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండటం ఏ నీతిపాఠం కన్నా ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

యంత్రం రాసిపెట్టే కాలంలో

ఇప్పుడు ప్రెస్ నోట్ మొదటి డ్రాఫ్ట్‌ను ఏఐ నిమిషంలో ఇచ్చేస్తోంది. తప్పుల్లేకుండా, నున్నగా, ఎవరిదో తెలియనంత సాఫీగా ఇస్తోంది. 2023 ఫిబ్రవరిలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి విద్యార్థులు చనిపోయారు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలోని ఒక కార్యాలయం తమ విద్యార్థులకు ఓదార్పు ఈమెయిల్ పంపింది. అది చాట్‌జీపీటీ సాయంతో రాసిందని కిందనే ఒక వరుస ఉంది. ఈమెయిల్‌లోని మాటలు పైకి మర్యాదగానే ఉన్నాయి. అయినా విద్యార్థులు మండిపడ్డారు, కార్యాలయం క్షమాపణ చెప్పుకుంది. ఓదార్పు రాయడానికి పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయారా అన్నదే వాళ్ల బాధ.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఇన్నాళ్లూ కొత్తవాళ్లు వందల ప్రెస్ నోట్లు రాసి, సీనియర్ల చేత ఎర్ర గీతలు పెట్టించుకుని, ఏది వార్తో నేర్చుకునేవాళ్లు. ఆ చాకిరీ యంత్రానికి పోతే ఆ నేర్పు ఎక్కడి నుంచి వస్తుంది? ఏజెన్సీలు దీని గురించి ఇంకా గట్టిగా ఆలోచిస్తున్నట్టు కనిపించదు.

జూనియర్ల చేతిలో ఉన్న పని ఒకటి మాత్రం ఇప్పటికీ యంత్రానికి పూర్తిగా అప్పగించలేనిది. ప్రతి ప్రకటనకు ముందు విలేకరులు ఏం అడగవచ్చో ఊహించి, ప్రశ్నలు, జవాబులతో ఒక పత్రం తయారుచేస్తారు. సాధారణంగా దీన్ని కొత్తవాళ్ల మీద పడేస్తారు, వాళ్లూ విసుగ్గానే చేస్తారు. దాన్ని శ్రద్ధగా చేసేవాళ్లు పాత ఫైళ్లు తిరగేస్తారు, ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తారు, అకౌంట్స్ విభాగంలో ఒకరిని పట్టుకుని అంకెలు సరిచూస్తారు. ముప్పై ప్రశ్నలు రాస్తే ఇరవై తొమ్మిదింటికి జవాబు దొరుకుతుంది. ముప్పయ్యోదానికి సంస్థలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్నప్పుడు ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆ కాగితం పట్టుకుని, ఎవరూ పిలవకపోయినా, పై అంతస్తులోని గది తలుపు తట్టాల్సి వస్తుంది.